కరాటే సాధనలో సొంత బుర్రకు పని చెప్పడం ఎలా?

కటా (ముందే కూర్చిన కదలికల క్రమం) వరుస తప్పకుండా వస్తోంది. కిహోన్‌లో (ప్రాథమిక టెక్నిక్‌ల సాధనలో) మాస్టర్ సరిదిద్దేవి తగ్గాయి. అయినా స్పారింగ్‌కి దిగితే అవే రెండు పంచ్‌లు, అదే కిక్, అదే వెనకడుగు. ఎదుటివాళ్ళకు మీ తర్వాతి కదలిక మీకంటే ముందే తెలిసిపోతోంది. మీ పరిస్థితి ఇదైతే ఇంకో కొత్త కటా నేర్చుకున్నందువల్ల పెద్దగా మారేదేమీ ఉండదు. చేతిలో ఉన్న సరుకుతోనే కొత్తగా ఆలోచించడం అలవాటు చేసుకోవాలి. దానికి ఒక పద్ధతి ఉంది, అదే ఇక్కడ చెబుతున్నాను.

కరాటేలో సొంత ఆలోచనకు చోటు లేదనీ, పెద్దలు చెప్పింది చెప్పినట్టు చేయడమే క్రమశిక్షణ అనీ చాలామంది నమ్ముతారు. చరిత్ర అలా లేదు. మీరు మొదట నేర్చుకున్న హెయాన్ లేదా పినాన్ కటాలు వేల ఏళ్ళ నాటివి కావు. జపాన్‌లోని ఒకినావా దీవిలో ఇతొసు అంకో 1900ల తొలి దశకంలో బడిపిల్లలకు నేర్పడం కోసం వాటిని కూర్చారు. ఆయన శిష్యుడు ఫునకోషి గిచిన్ 1922లో టోక్యోకి వెళ్ళి అక్కడే ఉండిపోయి, వాటి పేర్లు మార్చడమే కాదు, మొదటి రెండింటి వరుస కూడా తారుమారు చేశారు. షోటొకాన్ శైలిలో హెయాన్ షోదాన్ అని నేర్చుకునేది పాత లెక్కలో పినాన్ నిదాన్. గోజు ర్యూ శైలి స్థాపకుడు మియాగి చోజున్ 1940లో కరాటేను ఎక్కువమందికి అందించాలని గెకిసాయ్ కటాను తయారుచేశారు. ఒత్సుకా హిరొనొరి తనకు ముందే వచ్చిన జుజుత్సును కరాటేతో కలిపి వాదొ ర్యూ శైలిని కట్టారు. ఇవాళ ప్రతి డోజోలో (కరాటే నేర్పే చోట) కనిపించే మవాషి గేరి (పక్కనుంచి తిప్పి కొట్టే కిక్) కూడా పాత ఒకినావా కటాల్లో దాదాపు ఎక్కడా కనిపించదు.

వీళ్ళు శూన్యంలోంచి పుట్టించింది తక్కువ. చేతిలో ఉన్నదాన్నే పట్టుకుని ఒక ప్రశ్న వేశారు. పిల్లలకు దీన్ని ఎలా నేర్పాలి? మీదికి వచ్చే బలాన్ని ఆపకుండా పక్కకు ఎలా పోనివ్వాలి? కరాటేలో సృజన అంటే నా లెక్కలో ఇంతే: బాగా వచ్చిన టెక్నిక్‌కు కొత్త ప్రశ్న వేయడం, దొరికిన జవాబును ఎదురుతిరిగే మనిషి మీద పరీక్షించడం. ఈ రెండో పని చేయకపోతే మిగిలేది కథ మాత్రమే.

ఎప్పుడు మొదలుపెట్టాలి

బెల్ట్ రంగును బట్టి కాదు, టెక్నిక్‌ను బట్టి చూసుకోండి. ఒక పంచ్‌ని మీ కాళ్ళు ఎక్కడున్నాయో చూసుకోకుండా, మధ్యలో ఎవరైనా మాట్లాడించినా తడబడకుండా ఇరవై సార్లు ఒకే తీరుగా వేయగలిగితే ఆ పంచ్‌తో ప్రయోగాలు చేయవచ్చు. ఇంకా మోకాలు లోపలికి వాలుతోంటే, భుజం పైకి లేస్తోంటే ముందు అది సరిచేసుకోవాలి. పునాది వదులుగా ఉన్నప్పుడు ప్రయోగం చేస్తే, వచ్చిన తేడా ఆలోచన వల్ల వచ్చిందో తప్పు వల్ల వచ్చిందో తేలదు. ఎల్లో బెల్ట్‌లోనే గ్యాకు జుకి (వెనక చేతి పంచ్) ఈ స్థాయికి వచ్చినవాళ్ళుంటారు, బ్రౌన్ బెల్ట్‌లో కూడా యోకొ గేరి (పక్కకు కొట్టే కిక్) రానివాళ్ళుంటారు.

సమయం కూడా ఎక్కువ అక్కర్లేదు. వార్మప్, కిహోన్ అయ్యాక పదిహేను నిమిషాలు చాలు. ఒళ్ళు వేడెక్కకుండా ప్రయోగాలకు దిగితే కండరాలు పట్టేస్తాయి. బాగా అలిసిపోయాక దిగితే శరీరం పాత అలవాట్లలోకి జారిపోతుంది, కొత్తది ఏదీ దొరకదు.

1. ఒక్కటే ఎంచుకోండి

ఒక నెలకు ఒక టెక్నిక్. గ్యాకు జుకి, మాయె గేరి (ముందుకు కొట్టే కిక్), గెదాన్ బరాయ్ (కిందికి విసిరే బ్లాక్) లాంటి సాదాసీదావి తీసుకోండి. ఎగిరి తిరిగే కిక్‌లు చూడ్డానికి బాగుంటాయి కానీ వాటిలో మార్చి చూడగలిగేది తక్కువ. గాల్లోకి లేచాక దిశ, దూరం, బరువు అన్నీ ముందే తేలిపోయి ఉంటాయి. నేల మీద రెండు కాళ్ళూ ఉన్న పంచ్‌లోనే ఆడుకోవడానికి ఎక్కువ చోటు ఉంటుంది.

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. పైన టెక్నిక్ పేరు, కింద ప్రశ్న. సమాధానం తర్వాత రాయవచ్చు, ప్రశ్న మాత్రం మొదలుపెట్టే ముందే రాయండి. లేకపోతే పదిహేను నిమిషాలూ ఏదో ఒకటి చేస్తూ గడిచిపోతాయి.

2. ఒకసారికి ఒక్క మార్పు

ఏ టెక్నిక్‌లోనైనా మార్చి చూడదగ్గవి కొన్నే ఉంటాయి: దూరం, కోణం, ఎత్తు, లయ, వేళ, దానికి ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరగబోతోంది. వీటిలో ఒకదాన్ని మార్చి, మిగతావన్నీ అలాగే ఉంచండి. పార్ట్‌నర్‌ని ప్రతిసారీ ఒకే ఒయ్ జుకితో (అడుగేసి కొట్టే పంచ్‌తో), ఒకే వేగంతో రమ్మనండి. దాడి కూడా మారుతూ ఉంటే మీ మార్పు పనిచేసిందో లేదో తెలియదు.

గ్యాకు జుకినే తీసుకుందాం.

దూరం మార్చండి. పార్ట్‌నర్ మోచేయి మడిచినా మీకు తగిలేంత దగ్గరగా నిలబడి కొట్టి చూడండి. చేయి పూర్తిగా చాచే వీలు లేదు, నడుము పూర్తిగా తిప్పే చోటూ లేదు. మరి బలం ఎక్కడినుంచి తేవాలి? మోకాళ్ళు కాస్త దించి బరువు వదిలి చూడండి. పిడికిలి మెలితిప్పకుండా నిలువుగానే ఆపి చూడండి. అరచేయి వైపు పైకి ఉండేలా డొక్కలోకి పంపి చూడండి. కాసేపటికి ఒకటి రెండు దారులు దొరుకుతాయి. అవి కొత్తవేమీ కాదు. తతె జుకి, ఉరా జుకి అని వాటికి ఎప్పటినుంచో పేర్లున్నాయి. కష్టం వృథా అయిందనుకోకండి. ఇన్నాళ్ళూ లిస్టులో ఒక పేరుగా ఉన్న టెక్నిక్ ఏ ఇరుకులోంచి పుట్టిందో ఇప్పుడు మీ ఒంటికి తెలుసు. ఇకమీదట ఆ ఇరుకు ఎదురైనప్పుడు చేయి తనంతట తానే అటు వెళ్తుంది.

కోణం మార్చండి. ఎదురుగా నిలబడి కొట్టే బదులు ముందు కాలిని వాలుగా, ఎదుటివాళ్ళ ముందు చేతికి బయటి వైపుకి వేసి కొట్టండి. తర్వాత లోపలి వైపుకి. బయటి వైపు ఉంటే వాళ్ళ రెండో చేయి మిమ్మల్ని చేరడానికి ఒళ్ళంతా తిప్పాల్సి వస్తుంది. లోపలి వైపు ఉంటే లక్ష్యాలు ఎక్కువ కనిపిస్తాయి, ప్రమాదమూ ఎక్కువే. ఇది పుస్తకంలో చదివితే ఒక వాక్యం. పార్ట్‌నర్ రెండో చేత్తో మీ చెంప తట్టినప్పుడు మాత్రం మరిచిపోలేరు.

లయ విషయం దగ్గర కాస్త ఆగాలి, ఎక్కువమంది పట్టించుకోనిది ఇదే. డోజోలో లెక్కకు కొడతాం: ఇచి, ని, సాన్. ఏళ్ళ తరబడి అలా కొట్టాక శరీరంలో ఒక సమానమైన తాళం స్థిరపడుతుంది. మీ కాంబినేషన్లన్నీ ఆ తాళంలోనే నడుస్తాయి, ఎదుటివాళ్ళు వినకుండానే వింటారు. కిజామి జుకి (ముందు చేతి పంచ్), గ్యాకు జుకి కాంబినేషన్‌ను మూడు రకాలుగా వేసి చూడండి. ఒకసారి రెండూ సమాన వ్యవధిలో. ఒకసారి మొదటిది నెమ్మదిగా వదిలి, రెండోది దాని వెన్నంటే. ఇంకోసారి మొదటిది కొట్టి, ఎదుటివాళ్ళ బ్లాక్ పూర్తయి చేయి వెనక్కి తీసుకునే క్షణం దాకా ఆగి అప్పుడు రెండోది. మూడో రకం మొదట్లో చాలా కష్టం, ఎందుకంటే ఆగడం తప్పు చేస్తున్నట్టు అనిపిస్తుంది. కానీ చాలామంది బ్లాక్ చేశాక ఒక్క లిప్త సేపు ఊపిరి వదిలేస్తారు. పంచ్ ఆ సందులోకే వెళ్ళాలి.

ఎత్తు మార్చడం, తర్వాత ఏం వస్తుందో మార్చడం, వీటికి ఇంత వివరణ అక్కర్లేదు. మీరే చేసి చూడండి.

3. ఒక దారి మూసేయండి

అవధానంలో నిషిద్ధాక్షరి చూసి ఉంటారు. అవధాని నోటికి సహజంగా వచ్చే అక్షరాన్ని పృచ్ఛకుడు ముందే ఊహించి వద్దంటాడు. ఆ దారి మూతపడ్డాకే ఎవరూ ఎదురుచూడని పదం బయటికి వస్తుంది. కరాటేలో కూడా ఇది బాగా పనిచేస్తుంది. అలవాటైన దారి తెరిచి ఉన్నంతసేపు శరీరం అటే పోతుంది, ఎంత చెప్పినా వినదు. ఆలోచించమని దాన్ని బతిమాలేకంటే ఆ దారి మూసేయడం తేలిక.

రెండేసి నిమిషాల రౌండ్లు పెట్టుకుని ఇలాంటి నిషేధాలు ప్రయత్నించండి.

వెనకడుగు వేయకూడదు. పక్కకు జరగవచ్చు, ముందుకు చొచ్చుకుపోవచ్చు, అంతే. నాకు తెలిసినంతలో వీటన్నిటిలో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇది. తాయ్ సబాకి (ఒంటిని తిప్పి దాడి దారి నుంచి తప్పుకోవడం) గురించి ఎన్నిసార్లు విన్నా కదలని తుంటి, వెనక దారి లేదని తెలిశాక కదులుతుంది.

వెనక చేయి బెల్ట్‌లో పెట్టుకోవాలి. ముందు చేత్తోనే అడ్డుకోవాలి, కొట్టాలి. అడ్డుకోవడం, కొట్టడం వేరువేరు పనులుగా నేర్చుకున్నాం కదా, ఒకే చేయి ఉన్నప్పుడు అవి రెండూ కలిసిపోక తప్పదు.

ముందు దాడి చేయకూడదు, ఎదుటివాళ్ళు కదిలాకే కదలాలి. మరుసటి రౌండులో దీన్ని తిరగేసి, ఎదుటివాళ్ళు కదలబోతున్నారని అనిపించగానే, వాళ్ళ పంచ్ బయల్దేరకముందే వెళ్ళాలి. మొదటిదాన్ని గొ నొ సెన్ అంటారు, రెండోదాన్ని సెన్ సెన్ నొ సెన్. పేర్లు తెలియకపోయినా ఈ రెండు రౌండ్లు వెంట వెంట చేస్తే మీరు సహజంగా ఏ రకం మనిషో తెలిసిపోతుంది. మీకు సహజం కాని రకాన్నే ఎక్కువ సాధన చేయాలి.

చిన్న చదరంలో ఉండాలి. రెండున్నర మీటర్ల చదరం టేప్‌తో గీసుకోండి. దూరం మీద ఆధారపడేవాళ్ళ ఆట ఇందులో కుదరదు.

నిషేధం ఉన్న రౌండ్లలో వేగం సగానికి తగ్గించండి. దారి మూసినప్పుడు తల వంగే తీరు, చేతులు వెళ్ళే తీరు అలవాటుకు భిన్నంగా ఉంటాయి, గాయాలు అయ్యేది అలాంటప్పుడే. మౌత్‌గార్డ్, గ్లవ్స్ తప్పనిసరి. గొంతు, కళ్ళు, మోకాలి పక్కభాగం జోలికి పోవద్దు. ఇద్దరిలో ఎవరు ‘యమే’ అన్నా అక్కడికక్కడ ఆగిపోవాలి, ఎందుకని అడగకూడదు. ఇంతకుముందు ఎప్పుడూ వేయని తిరుగుడు కిక్‌ని మనిషి మీద మొదటిసారి ప్రయత్నించకండి. ముందు ప్యాడ్ మీద వేయండి.

4. కటాను విప్పి చూడండి

అసలు గని ఇక్కడ ఉంది. ఒకప్పుడు ఒక్క కటాకు మూడేళ్ళు పట్టేదనీ, గొప్ప నిపుణులకు కూడా మూడు నుంచి ఐదు కటాలకు మించి తెలిసేవి కాదనీ ఫునకోషి రాశారు. మనం మూడేళ్ళలో పది కటాలు దాటేస్తున్నాం. వరుస నేర్చుకోవడానికి మూడేళ్ళు అక్కర్లేదు. మిగతా కాలం వాళ్ళు ఏం చేసేవారన్నదే మనం అడగాల్సిన ప్రశ్న.

ముందు ఒక హద్దు గీసుకుందాం. కటా బయటి రూపం మీది కాదు. లైన్‌లో నిలబడినప్పుడు, బెల్ట్ టెస్ట్‌లో, పోటీలో మాస్టర్ నేర్పిన రూపం అలాగే ఉండాలి, ఒక వేలు కూడా అటూ ఇటూ కాకూడదు. రూపం నిలకడగా ఉంటేనే దాన్ని పదే పదే తిరిగి ప్రశ్నించవచ్చు. మీ స్వేచ్ఛ అంతా బుంకాయ్‌లో ఉంది, అంటే ఆ కదలిక దేనికన్న విచారణలో.

కటా మొత్తం తీసుకోవద్దు, మూడు కదలికలు చాలు. హెయాన్ షోదాన్ మొదట్లో కుడివైపు వెనక్కి తిరిగి గెదాన్ బరాయ్ చేస్తారు, ముందు కాలు వెనక్కి లాక్కుంటూ అదే చేత్తో తెట్సుయ్ ఉచి, ఆ తర్వాత అడుగేసి ఒయ్ జుకి. సాధారణంగా చెప్పే అర్థం: కిక్‌ని అడ్డుకున్నాను, నా మణికట్టు పట్టుకున్నాడు, లాక్కుని పిడికిలి అడుగుభాగంతో కొట్టాను, తర్వాత పంచ్. తప్పేమీ లేదు. ఇక ప్రశ్నలు వేద్దాం.

ఈ మలుపు ఎందుకు? వెనక ఇంకొకడు ఉన్నాడనే అనుకోనక్కర్లేదు. శత్రువు ఒక్కడే అనుకుని, మలుపు అతని పక్కకు నేను వెళ్ళే కోణం అనుకుంటే ఏమవుతుంది? పట్టుకుని తిప్పడం అనుకుంటే?

గెదాన్ బరాయ్‌కి ముందు చేతులు ఒకదాని మీద ఒకటి అడ్డంగా వస్తాయి. దాన్ని సన్నాహం అని వదిలేస్తాం. అడ్డుకోవడం ఆ అడ్డం వచ్చిన చోటే అయిపోయి, కిందికి విసిరేది అసలు దెబ్బ అయితే?

నడుము దగ్గరికి వచ్చే చేయి, అంటే హికితె, ఖాళీగా వస్తోందా? అందులో ఎదుటివాడి మణికట్టో, బట్టో ఉందనుకుని చేయండి. అలా అనుకోగానే మొత్తం దూరం మారిపోతుంది, కటా చేతికందే దూరంలోకి వచ్చేస్తుంది.

కాలు వెనక్కి ఎందుకు వచ్చింది? మణికట్టు విడిపించుకోవడానికి చేయి ఒక్కటీ లాగితే చాలదు. ఒంటి బరువుతో లాగితే ఏమవుతుందో, చేత్తో మాత్రమే లాగితే ఏమవుతుందో గట్టిగా పట్టుకునే పార్ట్‌నర్‌తో చేసి చూడండి. కటా ఎందుకలా ఉందో మీ కాలే చెబుతుంది.

మొదటి దెబ్బ తగలకపోతే? కటాలో తర్వాతి కదలిక విజయం తర్వాత వచ్చేది అనుకుంటాం. అది వైఫల్యానికి మందు అనుకుని చూడండి. కొన్ని వరుసలు అలాగే చక్కగా అర్థమవుతాయి.

ఇలా అడుగుతూ పోతే ఐదారు అర్థాలు తేలిగ్గా వస్తాయి. ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. ఆలోచన రుచి మరిగాక ప్రతి వేలి కదలికకూ ఒక రహస్యం అంటగట్టడం మొదలవుతుంది. పార్ట్‌నర్ పంచ్ వేసి, చేయి అలాగే చాచి బొమ్మలా నిలబడితే ఏ బుంకాయ్ అయినా పనిచేస్తుంది. కాబట్టి జల్లెడ పట్టండి. పార్ట్‌నర్ చేయి వెనక్కి లాక్కుంటే కూడా మీ అర్థం నిలుస్తుందా? ఆ సమయంలో అతని రెండో చేయి మిమ్మల్ని కొట్టగలదా? మీకంటే బరువైన మనిషి మీద కుదురుతుందా? చెప్పకుండా రెండో చేత్తో దాడి చేస్తే కూలిపోతుందా? ఈ నాలుగూ దాటినవి ఉంచుకోండి. నాలుగింటిలో మూడు దాటినవాటిని పక్కన రాసిపెట్టుకోండి. మిగతావి ఎంత అందంగా ఉన్నా వదిలేయండి.

తెక్కి షోదాన్, లేదా నైహాంచి, దీనికి ఇంకా మంచి ముడిసరుకు. కటా అంతా పక్కలకే నడుస్తుంది, ముందుకీ వెనక్కీ ఒక్క అడుగు లేదు. గోడకు వీపు ఆనించి పోరాడటానికే అని కొందరు చెబుతారు. మీద మీదకు వచ్చి పట్టుకున్న మనిషితో చేసే పోరాటం అని ఇంకొందరు. మొతొబు చోకి తన కరాటేకు ఈ ఒక్క కటానే ప్రధానంగా చేసుకున్నారు, అదీ నేరుగా పోరాటానికి పేరుపడ్డ మనిషి. నాకైతే రెండో వాదనే నచ్చుతుంది, ఎందుకంటే మోచేతులు, దగ్గరి పంచ్‌లు, కాలితో కొక్కెం వేయడం లాంటివి దూరంగా ఉన్నవాడి మీద అర్థం లేనివి. మీరు గోడ దగ్గర నిలబడి ఒకసారి, పార్ట్‌నర్ మీ రెండు చేతులూ పట్టుకోగా ఒకసారి చేసి మీ నిర్ణయం మీరు తీసుకోండి.

పోటీల వైపు వెళ్ళేవాళ్ళకు ఒక మాట. ప్రపంచ కరాటే సమాఖ్య నియమాల్లో టీమ్ కటా పతకాల పోరులో కటాతో పాటు బుంకాయ్ ప్రదర్శన కూడా ఉంటుంది. అందులో నాటకీయత ఎక్కువే, చూసేవాళ్ళ కోసం పెట్టిన ఎగురుళ్ళు బోలెడు. అయినా ఒకే కటాకు వేర్వేరు జట్లు ఇచ్చిన బుంకాయ్‌లు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే కదలికను ఎన్ని విధాలుగా చదవవచ్చో తెలుస్తుంది.

5. స్పారింగ్‌లో రౌండుకో ప్రశ్న

గెలవాలని దిగిన రౌండులో ఎవరూ ప్రయోగం చేయరు, చేయకూడదు కూడా. అందుకని రౌండ్లను విడదీసుకోండి: కొన్ని గెలవడానికి, కొన్ని తెలుసుకోవడానికి. తెలుసుకునే రౌండులో దెబ్బలు తినడానికి సిద్ధపడాలి. పార్ట్‌నర్‌తో ముందే చెప్పండి, లేకపోతే మీరు సులువుగా దొరికిపోతున్నారని అతను వేగం పెంచేస్తాడు.

ప్రశ్న చిన్నగా ఉండాలి. ‘ఇతన్ని ఎలా ఓడించాలి’ అన్నది పనికిరాదు. ‘నేను ముందు భుజం కదిపితే ఇతను ఏం చేస్తున్నాడు?’ అన్నది పనికొస్తుంది. వెనక్కి వెళ్తున్నాడా, చేయి ఎత్తుతున్నాడా, కళ్ళు మూస్తున్నాడా? మొదటి అర నిమిషం దీనికే వాడండి. చేయి ఎత్తేవాడికి కింద ఖాళీ ఉంటుంది. వెనక్కి వెళ్ళేవాడిని రెండోసారి ఇంకా పొడవైన అడుగుతో వెంబడించవచ్చు.

ఫెయింట్ (కొడుతున్నట్టు చూపి మోసం చేసే కదలిక) గురించి ఒకటి గుర్తుంచుకోండి. నిజంగా ఒకసారి తగలని పంచ్‌ని చూపించి ఎవరినీ మోసం చేయలేరు. ముందు ఆ కిజామి జుకిని గట్టిగా తగిలించండి, లేదా తగిలేంత దగ్గరగా తీసుకెళ్ళండి. ఎదుటివాళ్ళ ఒంటికి అది గుర్తుండిపోయాక, రెండోసారి దాని మొదటి సగం చూపిస్తే చాలు. చాలామంది ఫెయింట్లు పనిచేయకపోవడానికి కారణం అవి తొందరగా అయిపోవడం. ఎదుటివాళ్ళు చూడటానికి, నమ్మడానికి కాస్త వ్యవధి ఇవ్వాలి.

పాయింట్ల ఫైటింగ్ చేసేవాళ్ళకు స్కోరే మంచి ముడిసరుకు. ప్రపంచ కరాటే సమాఖ్య లెక్కలో పంచ్‌కి యుకో, 1 పాయింట్. శరీరం మీద కిక్‌కి వజా అరి, 2. తల ఎత్తు కిక్‌కి, కిందపడ్డవారి మీద చేసిన టెక్నిక్‌కి ఇప్పోన్, 3. స్కోరు సమమైతే సెన్షు, అంటే మొదటి పాయింట్ కొట్టినవారికి దక్కే ఆధిక్యత, గెలిపిస్తుంది. కాబట్టి ప్రతి రౌండూ సున్నా నుంచి మొదలుపెట్టకండి. ‘నేను రెండు పాయింట్లు వెనక, మిగిలింది ఇరవై సెకన్లు’ అని మొదలుపెట్టండి. తర్వాత ‘సమంగా ఉన్నాం, సెన్షు అతనిది, పదిహేను సెకన్లు’. ఆ తర్వాత ‘నేను ఒకటి ముందున్నాను’. ఈ మూడు రౌండ్లలో మీ ఆట మూడు రకాలుగా ఉండాలి. ఒకేలా ఉందంటే మీరు ఆలోచించడం లేదు, అలవాటునే తిప్పి తిప్పి వాడుతున్నారు. రెండు వెనక ఉన్నప్పుడు వెర్రిగా తల మీద కిక్ విసరడం అందరికీ తడుతుంది, ఎదుటివాళ్ళకూ తడుతుంది. ఆ కిక్ వస్తుందని చేతులు ఎత్తుకున్నవారి పొట్ట మీద మాయె గేరి వేస్తే సమం అవుతారు. సెన్షు ఎవరిదో కూడా అప్పుడే గుర్తుకు రావాలి.

6. ఒంటరిగా ఉన్నప్పుడు

పార్ట్‌నర్ లేనప్పుడు కూడా కొన్ని చేయవచ్చు. కటాను అద్దంలో ప్రతిబింబంలా, కుడికి ఎడమగా చేయండి. చివరి కదలిక నుంచి మొదటిదానికి రండి. ఒక మనిషి పడుకునేంత చోటులో, అడుగులు మడిచి, దిశలు మాత్రం తప్పకుండా మొత్తం కటా పూర్తిచేయండి. కళ్ళు మూసుకుని చేసి, మొదలుపెట్టిన చోటికి ఎంత దూరంలో ఆగారో చూసుకోండి. వీటివల్ల కొత్త టెక్నిక్‌లేమీ రావు, మీకు ఏది తెలుసో ఏది కేవలం అలవాటో తేలిపోతుంది. తడబడ్డ చోటు నోట్‌బుక్‌లో రాయండి, మరుసటి వారం ప్రశ్న అక్కడి నుంచే తీసుకోవచ్చు.

వీడియోలు చూడటం గురించి: చూడండి, కానీ శబ్దం ఆపి, దెబ్బ తగలడానికి ముందు రెండు సెకన్ల దగ్గర ఆపి ‘ఇప్పుడు ఏం వస్తుంది’ అని చెప్పుకుని, తర్వాత ముందుకు నడపండి.

7. మాస్టర్‌తో ఎలా మాట్లాడాలి

లైన్‌లో నిలబడి ఉండగా, అందరూ లెక్కకు కదులుతుండగా ప్రశ్నలు వేయకండి. క్లాసు అయ్యాక, నమస్కారం చేశాక అడగండి. ‘మీరు చెప్పింది పనిచేయడం లేదు మాస్టర్’ అన్నదానికీ, ‘మాస్టర్, అతను చేయి వెనక్కి లాక్కుంటే నేను ఇక్కడ ఇరుక్కుంటున్నాను, ఏం చేయమంటారు?’ అన్నదానికీ చాలా తేడా ఉంది. రెండోదానికి జవాబు దొరుకుతుంది. చాలాసార్లు ఆయనే గీ (కరాటే దుస్తుల) చేతులు సర్దుకుని ‘ఏదీ, రా’ అంటారు. ఏ మాస్టరైనా ఇలాంటి ప్రశ్నలన్నిటినీ కోపంతో ఆపేస్తుంటే ఆ డోజోలో ప్రయోగాలు పెట్టుకోకండి. క్లాసులో ఆయన చెప్పింది చేయండి, మీ పదిహేను నిమిషాలు ఇష్టపడే ఒక పార్ట్‌నర్‌తో విడిగా పెట్టుకోండి. మీరు కనుక్కున్నదాన్ని జూనియర్లకు మాస్టర్ అనుమతి లేకుండా నేర్పడం మాత్రం వద్దు. వాళ్ళకు ఇంకా మొదటి రూపమే కుదురుకోలేదు.

మీరే క్లాసు చెబుతుంటే, చివరి ఐదు నిమిషాలు పిల్లలకు ఇవ్వండి. ‘ఈ బ్లాక్‌తో ఇంకేం చేయవచ్చు, చూపించండి’ అని అడగండి. వాళ్ళు చూపించేవాటిలో సగం నవ్వు తెప్పిస్తాయి. నవ్వండి, కానీ ‘తప్పు’ అనకండి, ‘మీ స్నేహితుడు గట్టిగా కొడితే?’ అని అడగండి. తప్పో ఒప్పో వాళ్ళే తేల్చుకుంటారు.

8. నెలాఖరున తీసేయండి

నెల తిరిగేసరికి నోట్‌బుక్‌లో చాలా చేరి ఉంటాయి. అన్నీ దాచుకుంటే ఫైట్‌లో ఏదీ సమయానికి రాదు, ఎంచుకోవడంలోనే క్షణం గడిచిపోతుంది. మూడు ప్రశ్నలు వేయండి. నాకంటే బలమైన వాళ్ళ మీద ఒక్కసారైనా పనిచేసిందా? అనుకోకుండా, స్పారింగ్ మధ్యలో, తనంతట తానుగా వచ్చిందా? అలిసిపోయాక కూడా చేయగలిగానా? మూడింటికీ అవును అన్నవి ఒకటో రెండో ఉంటాయి. వాటిని కిహోన్‌లో చేర్చుకోండి, అంటే ఇకమీదట అవి ప్రయోగాలు కావు, రోజూ కొట్టాల్సిన పంచ్‌లు. మిగతా పేజీల మీద గీత కొట్టండి, చింపేయకండి. ఏడాది తర్వాత తుంటి ఇంకా బాగా కదిలినప్పుడు, అప్పుడు కుదరనిది ఇప్పుడు కుదరవచ్చు.

కొన్ని నెలల్లో ఏమీ దొరకదు. ఏ ప్రశ్న వేసినా అవే పాత జవాబులు వస్తాయి. అప్పుడు ప్రశ్నలు ఆపేసి రెండు వారాలు మామూలు కిహోన్ చేయండి, అదీ నెమ్మదిగా. వెనక మడమ ఎప్పుడు లేస్తోంది, చూపు ఎటు వాలుతోంది అన్నవి గమనించండి. రెండు వారాల తర్వాత కొత్త పేజీ తీసి, వేరే టెక్నిక్ పేరు రాసి, ఈసారి కోణం కాకుండా దూరంతో మొదలుపెట్టండి.